నేను కడగని కప్ప గుండె

ఆ రోజుల్లో మెదక్ బజారులో నన్ను కప్పల కాంపౌండర్ అనేవాళ్లు. పొద్దున్నే తడి గోనెసంచి పట్టుకుని మడిగట్ల వెంట వంగి తిరిగేవాణ్ని కాబట్టి ఆ పేరు వచ్చింది. నాకు ఆ పేరు నచ్చేది కాదు. పెద్ద చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడే మనిషిని, తెల్ల అంగీ ఇస్త్రీ లేకుండా వేసుకోనివాణ్ని. కప్పలతో నా పేరు ముడిపడటం నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఊళ్లో నాకు దొరికిన వాటిలో నేను కాపాడుకోవలసిన పేరు అదొక్కటే.

బజారు వెనక వీధిలో ఒక పాత బంగళా కిరాయికి తీసుకుని డాక్టరమ్మ దవాఖాన నడిపేవారు. రాష్ట్రం ఒకటైన తరువాత కృష్ణా వైపు నుంచి వచ్చిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ, పని ఎక్కువ. నేను మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో ఒక కాలేజీ లాబులో కొన్నేళ్లు అటెండరుగా చేసి సొంత ఊరికి తిరిగి వచ్చాను. కాలేజీలో పిల్లలకు చూపించడానికి కప్ప గుండెను తీసి ఆడించడం నాకు వచ్చు. డాక్టరమ్మ నన్ను పనిలో పెట్టుకున్నది మందులు కలుపుతానని కాదు, ఆ ఒక్క విద్య కోసం.

అవి కొత్త రకం వరి వచ్చిన తొలి యేళ్లు. వరితోపాటు కొత్త పురుగుల మందు వచ్చింది. మంజీర ఒడ్డు ఊళ్ల నుంచి యాసంగిలో వారానికి ఒకరో ఇద్దరో ఆ మందు ఒంటికెక్కి మా దగ్గరికి వచ్చేవాళ్లు. కొందరు తాగి వచ్చేవాళ్లు. ఎక్కువమంది మాత్రం ఉత్త చేతులతో కలిపి, అంగీ విప్పి, గాలికి ఎదురు నడుస్తూ కొట్టి వచ్చేవాళ్లు. నోట్లోంచి నురగ కారుతుంది, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి పొడి నేల మీద మునిగిపోతాడు. దానికి విరుగుడు అట్రోపిన్. సూదితో ఇవ్వాలి, ఒకసారి కాదు, కంటిపాప విచ్చి నోరు ఎండేదాకా ఇస్తూనే ఉండాలి.

పట్నం నుంచి తయారు మందు సీజనులో దొరికేది కాదు. అందుకని డాక్టరమ్మ పొడి తెప్పించేవారు. మేమే నీళ్లలో కలిపి, సీసాల్లో పోసి, రబ్బరు మూత బిగించి, ఆవిరిలో ఉడికించేవాళ్లం. అక్కడే ఒక చిక్కు ఉంది. కొన్ని సీసాల గాజు మంచిది కాదు. వేడి తగిలితే గాజులోంచి క్షారం నీళ్లలోకి దిగుతుంది. క్షారం తగిలితే అట్రోపిన్ చచ్చిపోతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు, రంగు మారదు, వాసన మారదు. ఒకే గిన్నెలో కలిపిన మందు పది సీసాల్లో పోస్తే కొన్ని సీసాల్లో బతుకుతుంది, కొన్నింట్లో చస్తుంది. అందుకని ప్రతి సీసానూ విడిగా పరీక్ష చేయాలి.

సీసాలు బజారులో ఒక ముసలి సాయిబు దగ్గర కొనేవాణ్ని. పాత సీసాలు ఏరి, కడిగి, ఎండబెట్టి అమ్మేవాడు.

"కాంపౌండర్ సాబ్, గివి సూడుండ్రి. అద్దం లెక్క మెరుస్తున్నయి."

"మెరుసుడు సంగతి గాదు తాతా, గాజు మంచిదేనా?"

"గాజు కడుపుల ఏమున్నదో అల్లాకెరుక, మీ కప్పలకెరుక. నాకేమెరుక?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ముసలాయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

పరీక్ష ఇట్లా ఉండేది. కప్పను తెలివి లేకుండా చేసి, రొమ్ము తెరిచి, గుండె కొసకు సన్నటి దారం కట్టి, ఆ దారాన్ని ఒక గడ్డిపుల్లకు తగిలిస్తాం. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల లేచి పడుతుంది. పుల్ల కొస, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీస్తుంది. డ్రమ్ము గడియారపు యంత్రంతో మెల్లగా తిరుగుతుంది. గుండె మీద బొట్టు బొట్టుగా ఉప్పునీళ్లు పడుతుంటాయి కాబట్టి అది గంటల తరబడి ఆడుతుంది. ఇప్పుడు దాని మీద ఎసిటైల్‌కోలిన్ అనే మందు ఒక్క చుక్క వేస్తే గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. మేం దాన్ని నెమ్మది మందు అనేవాళ్లం. పురుగుల మందు తగిలినప్పుడు మనిషి ఒంట్లో పేరుకుపోయేది కూడా అదే. ముందుగా అట్రోపిన్ వేసి, ఆ తరువాత నెమ్మది మందు వేస్తే గుండె లెక్కచేయదు, తన పాటికి తాను ఆడుతుంది. అట్లా ఆడితే సీసా మంచిది. నెమ్మదిస్తే సీసా చచ్చింది.

మొదటిరోజు డాక్టరమ్మ నాకు చెప్పిన మాట గుర్తుంది. "గుండెలో ప్రతి కణం ఒంటి మీదా చిన్న చిన్న చోట్లు ఉంటాయయ్యా. మందు లోపలికి దూరి పనిచేయదు, ఆ చోట్లలో కూర్చుని పనిచేస్తుంది. బంతిభోజనం చూశావుగా? ఆకు ముందు ఒకడు కూర్చున్నాక ఇంకొకడు ఎంత ఆకలితో వచ్చినా నిలబడాల్సిందే. అట్రోపిన్ ముందొచ్చి కూర్చుంటుంది. విషం వచ్చి నిలబడి చూసి పోతుంది."

"మంచిగ చెప్పిండ్రమ్మా."

"మంచిగా చెప్పడం కాదు. ఇంకో సంగతి విను. అట్రోపిన్ కూర్చుందంటే ఓ పట్టాన లేవదు. ఒక సీసా పరీక్ష చేశాక గుండెను ఉప్పునీళ్లతో కడుగు. కడిగి, నెమ్మది మందు వేసి చూడు. గుండె మళ్లీ నెమ్మదిస్తేనే బంతి లేచిందని అర్థం. అప్పుడే రెండో సీసా. లేకపోతే నువ్వు చూసేది రెండో సీసా పని కాదు, మొదటిదాని పని."

ఆ కడగడం అరగంట పట్టేది, ఒక్కోసారి గంట. రెండు మూడు సీసాలయ్యాక గుండె అలిసిపోతే కొత్త కప్ప కావాలి. పది సీసాలంటే ఒకటిన్నర రోజు పని. నోటుబుక్కులో ప్రతి సీసాకూ ఒక వరస, ఆ వరసలో ఒక గడి: "కడిగిన పిదప నెమ్మదించినదా?" ఆ గడిలో "నెమ్మదించినది" అని నా చేత్తో రాయాలి. రెండేళ్లు నిజంగానే చేశాను, నిజమే రాశాను.

చర్చిలో ఉపవాసాలు పాటించే శ్రమల కాలంలో ఒక శనివారం. ఈస్టరు దగ్గర పడుతోంది. ఆ యేడు ఒక పాటలో ఒక చరణం నేనొక్కణ్నే పాడాలని నిర్ణయించారు. మూడింటికి సాధన. ముందురోజే మొదలుపెట్టి ఆ రోజుతో ముగించాల్సిన పది సీసాల పరీక్షకు నేను ఆ పొద్దున కూర్చున్నాను. మొదటి సీసా మంచిదని తేలింది. కడగడం మొదలుపెట్టాను. అరగంట తరువాత నెమ్మది మందు వేస్తే గుండె వినలేదు. ఇంకో అరగంట కడిగాను. అప్పుడూ వినలేదు. గోడ గడియారం ఒకటి దాటింది. సంచిలో ఇంకొక్క కప్పే ఉంది. ఈ లెక్కన సాధనకు వెళ్లడం కుదరదు.

అప్పుడు నేనేం చేశానో ఎన్నో యేళ్లు నాకు నేనే వేరుగా చెప్పుకున్నాను. మరిచిపోయానని, తొందరలో చూసుకోలేదని. నిజం అది కాదు. కడగకుండానే రెండో సీసా మందు గుండె మీద వేశాను. తరువాత నెమ్మది మందు వేశాను. గుండె హాయిగా ఆడింది. ఆడుతుందని నాకు వేయకముందే తెలుసు. మొదటి సీసా ఇంకా ఆ చోట్లలో కూర్చునే ఉందని తెలుసు. అయినా సీసా మీద "మంచిది" అని చీటీ అంటించాను. మూడోది, నాలుగోది, పదోది దాకా అంతే. తొమ్మిది సీసాలు గంటలోపు అయిపోయాయి. నోటుబుక్కులో "నెమ్మదించినది" అని తొమ్మిదిసార్లు రాశాను. అక్షరాలు కూడా చక్కగా వచ్చాయి. గీతల కాగితం మసి చెరగకుండా లక్కనీళ్లలో ముంచి ఆరబెట్టి డాక్టరమ్మకు చూపించాలి. అది చూస్తే కడగలేదని ఆమెకు ఒక్క చూపులో తెలుస్తుంది. ముంచుతుంటే చిరిగిపోయిందని చెప్పాను.

"పోనీలే, బుక్కులో రాశావుగా" అన్నారామె.

ఆ సాయంత్రం నా చరణం బాగా వచ్చిందని అందరూ అన్నారు.

సోమవారం మొదటి సీసా ఒక ఆడమనిషికి వాడారు. ఆమె బతికి, మూడోరోజు నడిచి ఇంటికి పోయింది. దాంతో లోపల మిగిలిన కాస్త భయమూ పోయింది. ఒకే గిన్నె మందు కదా, ఒకటి బాగుంటే అన్నీ బాగుంటాయి అనుకున్నాను. అట్లా కాదు కాబట్టే ఆ పరీక్ష పెట్టారని నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో ఇంకొకడు లేడు.

గురువారం మధ్యాహ్నం ఒక వడ్ల లారీ దవాఖాన ముందు ఆగింది. పాపన్నపేట వైపు ఊరి రైతు ఒకతన్ని, నలభై యేళ్లుంటాయి, అతని తమ్ముడు వీపు మీద వేసుకుని దింపాడు.

"సారూ, జర జల్ది రాండ్రి! మా అన్న మందు కొట్టుకుంట కొట్టుకుంట గట్లనే కూలబడ్డడు."

"తాగిండా?"

"తాగలే సారు, పిల్లల మీద ఒట్టు. పొద్దుగాల నుంచి మూడు డబ్బాలు కొట్టిండు. ఉక్కపోస్తుందని అంగీ ఇడిసిండు."

బల్ల మీద పడుకోబెట్టాం. మనిషికి తెలివి ఉంది. ఒంటి మీద నీళ్లు పోసినట్టు చెమట. నోటి నురగ తుడుచుకుంటూ తమ్ముణ్ని అడిగాడు: "ఎడ్లను నీడకు కట్టినవారా?"

"కట్టిన. నువ్వు సప్పుడు జెయ్యకుండ పండు."

"పండుకుంటె మిగిలిన మడి నీ అత్తగారొచ్చి కొడ్తరా?"

తమ్ముడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. డాక్టరమ్మ వచ్చి రెప్ప ఎత్తి చూశారు. కంటిపాప ఆవగింజంత ఉంది. "బట్టలన్నీ తీసి, సబ్బుతో ఒళ్లు కడగండి" అని మాకు చెప్పి, నా చేతిలోని రెండో సీసాలోంచి సిరంజిలోకి మందు లాగి ఇచ్చారు.

నేనూ తమ్ముడూ ఒళ్లు కడిగాం. పది నిమిషాలు గడిచాయి. డాక్టరమ్మ నాడి పట్టుకుని చూశారు, రెప్ప ఎత్తి చూశారు. ఏమీ మారలేదు. మళ్లీ ఇచ్చారు. మళ్లీ చూశారు. రెండో సీసా అయిపోయింది, మూడోది అందించాను. అతని గొంతులో గురగుర మొదలైంది. తల కిందికి దించి, రబ్బరు గొట్టంతో నోట్లోని నీరు తీశారు. ఇప్పుడతను ఎడ్ల గురించి అడగడం లేదు.

"ఇంత మందుకు కూడా లొంగడం లేదంటే ఒంట్లోకి ఎంత విషం వెళ్లిందో" అన్నారు డాక్టరమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆ మాట అన్నప్పుడు మూడో సీసా నా చేతిలో ఉంది. దాని మీద నేను అంటించిన చీటీ ఉంది. నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది. చెప్పలేదు. తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అతని ముందు ఎట్లా చెప్పాలనుకున్నాను. వచ్చే సూదికి పనిచేస్తుందేమో, చూసి చెబుదామనుకున్నాను. ఆ సూదీ అయిపోయింది. లోపల ప్రార్థన చేశాను, ఈ మనిషిని బతికించు ప్రభువా అని. నిజానికి నేను అడిగింది నన్ను బయటపెట్టొద్దని. ఆ గదిలో గడియారం లేదు. మొదటి సూది నుంచి నేను నోరు తెరిచేదాకా అరగంటకు తక్కువ కాదని తరువాత తేల్చుకున్నాను.

ఆ నోరు కూడా నా అంతట నేను తెరవలేదు. దూది తెస్తానని లాబులోకి వెళ్లి నాలుగో సీసా తీసి, నా ఎడమ కంట్లో నాలుగు చుక్కలు వేసుకున్నాను. అట్రోపిన్ బతికి ఉంటే కంటిపాప విచ్చుకుంటుంది. కప్ప మీద పరీక్షకు టైము లేదు. కానీ కంటికైనా పావుగంట పైన కావాలి, ఆ సంగతీ నాకు తెలుసు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి చేశాను. బయటికి వచ్చేసరికి చెంప మీద మందు కారుతోంది.

డాక్టరమ్మ తలెత్తి చూశారు. "కంట్లో ఏం పోసుకున్నావ్?"

"నాలుగో సీసా."

ఆమె చేతిలో సిరంజి అట్లాగే ఆగింది. "పరీక్ష చేశావుగా?"

"చేసిన. కడగలేదమ్మా."

"ఎన్నిటికి?"

"మొదటిది తప్ప... దేనికీ."

ఆమె తిట్టలేదు. నన్ను చూడను కూడా లేదు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి నా జేబులో కుక్కారు. "సైకిలు తీసుకో. సర్కారు దవాఖానలో తయారు మందు ఎన్ని ఉంటే అన్ని పట్టుకురా. పో."

తమ్ముడు అడిగాడు, "ఏమాయె సారు? ఏం కడగలేదు?" నేను సైకిలెక్కాను.

అక్కడ డాక్టరు గారు చీటీ చూడగానే ఇమ్మన్నారు. బీరువా తాళంచెవి ఉన్న మనిషి ఏదో వార్డులో ఉన్నాడు, పిలవడానికి ఒకరు పరిగెత్తారు. నేను వరండాలో నిలబడ్డాను. ఎదుట ఎండ. ఉన్నట్టుండి ఆ ఎండ నా ఎడమ కంట్లో గుచ్చుకుంది. చేతిలో చీటీ మీది అక్షరాలు అలికినట్టయ్యాయి. కుడికన్ను మూసి చూశాను. ఏమీ చదవలేకపోయాను. గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటే ఎడమ కంటిపాప పావలా బిళ్లలా విచ్చుకుని ఉంది.

నాలుగో సీసా బతికే ఉంది. అది లాబులో బల్ల మీద, అతను పడుకున్న చోటికి పది అడుగుల దూరంలో ఉంది.

వెనక్కి పోదామని మెట్లు దిగాను. లోపలి నుంచి ఎవరో "ఆగుండ్రి, వస్తుండు, తాళం దొరికింది" అని కేకేశారు. ఆగాను. ఆగడం తప్పో, పోవడం తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆరు మందు గొట్టాలు చేతికి వచ్చాయి. ఒక కన్ను మూసుకుని, ఒక కంటితో సైకిలు తొక్కుతూ వచ్చాను. గుమ్మంలోంచే అరిచాను, "నాలుగోది మంచిదే!" అని.

డాక్టరమ్మ తెచ్చినవీ ఇచ్చారు, నాలుగో సీసా కూడా ఇచ్చారు. ఇరవై నిమిషాల్లో అతని కంటిపాప విచ్చుకుంది. నోరు ఎండింది. చెమట ఆగింది. నాడి పరుగెత్తింది. పుస్తకంలో రాసినట్టు అన్ని గుర్తులూ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. తమ్ముడు నా చేతులు పట్టుకున్నాడు. "బతికిండు సారు, బతికిండు" అన్నాడు. కానీ అప్పటికే రొమ్ము కండరాలు ఊపిరిని లాగడం మానేస్తున్నాయి. ఆ కండరాల మీది చోట్లు వేరు, అట్రోపిన్ అక్కడ కూర్చోదు. డాక్టరమ్మ, తమ్ముడు, నేను వంతులవారీగా అతని రొమ్ము నొక్కి వదిలాం. నా వంతు వచ్చినప్పుడు అతని కళ్లు తెరుచుకునే ఉన్నాయి, నా కన్ను లాగే పెద్దగా. పొద్దు గూకకముందే పోయాడు.

ఊరి నుంచి బండి వచ్చింది. ఎక్కించాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే అడిగాను, "మొదట్లనే మంచి మందు పడితె బతుకుతుండెనా అమ్మా?"

"బతికేవాడని చెప్పలేను. చచ్చిపోయేవాడని కూడా చెప్పలేను. ఆ ప్రశ్న నన్ను అడక్కు."

మరునాడు సెలవేమీ లేదు. ఆమె కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నారు. తొమ్మిది సీసాలూ, అడుగున మిగిలిన చుక్కలతో సహా, మళ్లీ పరీక్ష చేశాను. కడిగాను, ఆగాను, నెమ్మది మందు వేసి చూశాను, మళ్లీ కడిగాను. రెండు రోజులు పట్టింది. తొమ్మిదింట్లో ఐదు చచ్చాయి. రెండోది చచ్చింది, మూడోది చచ్చింది. చివరికి నేనే అన్నాను, పనిలోంచి తీసెయ్యమని.

"తీసేస్తే ఈ పని ఎవరు చేస్తారు?" అన్నారు. "నాకు రాదు. ఊళ్లో ఇంకెవరికీ రాదు. నిన్ను పంపేసే వీలు కూడా నాకు లేకుండా చేశావు."

ఈస్టరుకు నా చరణం ఇంకొకాయన పాడాడు. బాగా పాడాడు.

పండగ అయిన వారానికి బస్సులో పాపన్నపేట వెళ్లి, అక్కణ్నుంచి ఆ ఊరికి నడిచాను. చెప్పాలని వెళ్లాను. ఎవరూ పంపలేదు. ఇంట్లో అతని భార్య ఒక్కతే ఉంది. నేనెవరో చెప్పగానే లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"మా మరిది చెప్పిండు సారు. మా ఆయన కోసం మీరు గంత ఎండల సైకిలు మీద ఉరికిండ్రట. ఒక కన్ను కనపడకుంటనే ఉరికిండ్రట. గిట్ల ఎవ్వలు జేస్తరు?"

నీళ్లు తాగాను. నోటి దాకా వచ్చిన మాట ఆ నీళ్లతోపాటే లోపలికి పోయింది. "తమ్ముడు ఏడున్నడు?" అని అడిగాను. పొలంలో ఉన్నాడంది.

తమ్ముడు మడిగట్టు మీద కూర్చుని పిచికారీ పంపులోకి మందు పోస్తున్నాడు. అదే మందు. పైన అంగీ లేదు.

"ఏంది సారు, గింత దూరం వచ్చిండ్రు?"

గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. కప్ప గుండె, సీసాలు, కడగడం, నేను కడగకపోవడం. మొదట అతనికి అర్థం కాలేదు.

"కప్పను కడగకపోతె మా అన్న సచ్చుడేంది సారు? తాగొచ్చినవా?"

బంతిభోజనం సంగతి చెప్పాను, డాక్టరమ్మ నాకు చెప్పినట్టే. ముందు కూర్చున్నవాడు లేవకుండానే తరువాతివాళ్లు కూడా తిన్నారని రాసుకున్నానని చెప్పాను. అతను పంపు మూత బిగించడం ఆపాడు.

"అంటె ఒక్కడు తిన్నదానికి పదిమంది తిన్నరని రాసినవు."

"అవును."

"గది సూసి డాక్టరమ్మ మా అన్నకు ఉత్త నీళ్లు ఎక్కించింది."

"అవును."

పంపు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. "మా వదినెకు చెప్పినవా?" అని అడిగాడు.

"చెప్పలేకపోయిన."

"చెప్పకు. నీ సైకిలు ముచ్చట వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతుంది. గదొక్కటే మిగిలింది ఆమెకు. గది గుంజుకోకు." మళ్లీ పంపు దగ్గరికి తీసుకుని మూత బిగిస్తూ, "నాకు మాత్రం ఎందుకు చెప్పినవు? నీ బరువు దిగనీకి, అంతేనా?" అన్నాడు.

అతను లేచి పంపు వీపుకెత్తుకున్నాడు. బెల్టు దగ్గర అప్పటికే మందు కారి వీపు తడిసి ఉంది.

"అంగీ తొడుక్కో," అన్నాను. "మూతికి బట్ట కట్టుకో. మీ అన్నకు గిట్లనే..."

"అంగీ ఒక్కటే ఉన్నది. గది మందుల తడిస్తె రేపేం తొడగాలె? ఆకాశమంత మొగులు పట్టింది. ఇయ్యాల కొట్టకుంటె పురుగు మడంత నాకుతది."

నా అంగీ విప్పి ఇచ్చాను. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చెయ్యి చాపలేదు.

"నిలవడు, ఈడనే నిలవడు. నేను పడిపోతె లారీ ఎక్కియ్యనీకి ఒకడుండాలె గద. గీసారి సీసాలు మంచిగున్నయా?"

"ఉన్నయి. నేనే కడిగి చూసిన."

"నువ్వే చూసినవ్" అని మడిలోకి దిగాడు.

అంగీ చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. అతను వరసలో నడుస్తూ పంపు కొడుతున్నాడు. గాలి అటూ ఇటూ మారుతోంది. తెల్లటి తుంపర అతని ముఖం మీదికి తిరిగినప్పుడల్లా, "ఇటు తిరుగు! గాలికి ఎదురు పోకు!" అని అరిచాను. మొదట రెండుసార్లు తిరిగాడు. ఆ తరువాత వినిపించుకోలేదు.